పగలు పని, రాత్రి పాఠం

మన సమాజంలో చదువూ పనీ వేర్వేరు వీధుల్లో కాపురముంటున్నవి. చదివినవాడు చేతులతో పని చేయనక్కరలేదనీ, పని చేసేవాడికి చదువు అక్కరలేదనీ అనుకోవడం మనకు బాగా అలవాటైపోయింది. యీ రెండూ ఒకే మనిషిలో కలిస్తే అతని పట్టుదలను మెచ్చుకుంటామే గాని, ఆ కలయిక అంత అరుదుగా యెందుకున్నదని అడగము. నన్ను గూడా అలాగే మెచ్చుకున్నారు. పగలు భవననిర్మాణంలో సూపర్‌వైజరుగా పనిచేస్తూ, సాయంత్రం ఆరు నుండి తొమ్మిది దాకా సివిల్ ఇంజనీరింగు డిగ్రీ తరగతులకు పోయినవాణ్ణి నేను. ఆ మెప్పును పక్కన బెట్టి, ఆ నాలుగేళ్ళు నాకేమి నేర్పాయో, యేమి నేర్పలేదో చెప్పడమే యిక్కడ నా ఉద్దేశం.

మా తాత నాగార్జునసాగరు కట్టుబడిలో రాళ్ళు మోసినవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట ప్రధానంగా రాతికట్టడం. మా నాన్న తాపీమేస్త్రీ. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి 2014లో హైదరాబాదు వచ్చాను. తర్వాత సాయంకాలపు కళాశాలలో గ్రావిటీ డ్యాము పాఠం విన్నప్పుడు, నీటి తోపుడును ఆనకట్ట తన సొంత బరువుతోనే యెట్లా ఆపుతుందో అధ్యాపకుడు లెక్క వేసి చూపించాడు. ఆ బరువులో కొంత మా తాత నెత్తిమీదుగా పోయింది. ఆ సంగతి లెక్కలో వుండాలని నేననను. కాని ఆ లెక్కను మా తాతకు చెప్పాలని యెవరికీ తోచలేదు గదా అనిపించింది.

పనిచేసేవాడు డిగ్రీ చదవడానికి దారులు చాలా లేవు. 1920లో యేర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే ఏ.ఎం.ఐ.ఇ. పరీక్షలు ఒకప్పుడు పెద్ద ఆధారం. కళాశాలకు పోకుండానే ఏ, బి సెక్షన్లు రెండూ పూర్తి చేసినవాణ్ణి డిగ్రీ వున్నవాడితో సమానంగా గుర్తించేవారు. ఆ గుర్తింపు 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే పరిమితమైంది. నేను డిప్లొమా చేతబట్టుకుని వచ్చేసరికి ఆ తలుపు మూసివున్నది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో యిచ్చిన ఇంజనీరింగు డిగ్రీల మీద 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిననాడు, మా సైటులోనే ఒకతను మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ప్రయోగశాల లేకుండా ఇంజనీరింగు రాదన్న మాట నిజమే. అయితే ప్రయోగశాల వున్న చదువును పనివాడికి అందే వేళలో పెట్టే బాధ్యత యెవరిది? 2023-24 విద్యాసంవత్సరం నుండి ఉద్యోగస్తులకు వీలైన వేళల్లో తరగతులు నడపడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి అవకాశమిచ్చింది. మంచిదే. కాని అది కూడా డిప్లొమా దాకానో, యింటరు దాకానో వచ్చినవాడికే దక్కుతుంది. తట్ట మోసేవాళ్ళ దగ్గరకు రాదు.

చదువు నాకు మేలు చేయలేదని అంటే అబద్ధమవుతుంది. మా నాన్న పునాదికి ముగ్గు పోసేటప్పుడు దారం మీద మూడడుగులొకవైపు, నాలుగడుగులొకవైపు కొలిచి, అడ్డంగా అయిదడుగులు వస్తేనే మూల కుదిరిందనేవాడు. అది పైథాగరస్ సిద్ధాంతమని నాన్నకు తెలియదు, ఆ సిద్ధాంతం బట్టీపట్టిన నాకు నాన్న చేసేది అదేనని చాలాకాలం తెలియలేదు. కాంక్రీటులో నీరు యెక్కువైతే బలం తగ్గుతుందని 1918లో డఫ్ అబ్రామ్స్ నిరూపించాడని చదివాను. ఎం-20 కాంక్రీటును కొలతలతో కలిపేటప్పుడు యాభై కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీరు మించరాదని మన ప్రమాణ గ్రంథం చెబుతుంది. సైటులో కూలీలు యింకో బక్కెట్టు పోస్తారు. అది తెలియనితనమని తరగతిలో నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. గట్టి కాంక్రీటును పారతో తిరగవేయడం యెంత కష్టమో చేతులకే తెలుస్తుంది. కలిపే యంత్రమూ, కుదించే వైబ్రేటరూ సరిగా లేనిచోట, ఆ బక్కెట్టు నీళ్ళు కూలివాడు తన నడుముకు యిచ్చుకున్న విశ్రాంతి.

ఇక నేను చెప్పక తప్పని సంగతి ఒకటున్నది.

మూడో సంవత్సరం పరీక్షల రోజులవి. ఆ సాయంత్రం రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు పరీక్ష. ఆ మధ్యాహ్నమే మా సైటులో కిటికీల మీది సజ్జలకు కాంక్రీటు పోస్తున్నారు. రెండువైపులా గోడల మీద ఆనిన దూలానికి లాగుడు అడుగుభాగాన వస్తుంది గనుక కడ్డీ అడుగున వుండాలి. సజ్జకు ఒకవైపే పట్టు. దానికి లాగుడు పైభాగాన, కాబట్టి కడ్డీ పైనే వుండాలి. కడ్డీలు కట్టిన అన్న సరిగానే కట్టాడు. నాలుగు గంటలకు నేను చూచి, బస్సు దొరకదని వెళ్ళిపోయాను. తట్టలు అందించేవాళ్ళు వేరే దారి లేక ఆ కడ్డీల మీదనే నడిచారు. కడ్డీలు అడుగుకు దిగిపోయాయి. పైన పోసిన కాంక్రీటు ఆ తప్పును కప్పివేసింది. రెండు వారాల తర్వాత సెంట్రింగు విప్పుతుండగా ఒక సజ్జ గోడ దగ్గర విరిగి పడింది. కింద వున్న కుర్రవాడి పాదం నలిగింది.

సజ్జలు పోస్తున్న ఆ సాయంత్రమే, పరీక్ష గదిలో నేను కాంటిలీవరుకు కడ్డీ పైన యెందుకుండాలో బొమ్మ గీసి వ్రాశాను. మంచి మార్కులు వచ్చాయి. ప్రమాదం జరిగాక కాంట్రాక్టరు కూలీలకు రెండురోజుల కూలి కోశాడు. రిపోర్టులో కారణం దగ్గర "కూలీల అజాగ్రత్త" అని వ్రాసిన చెయ్యి నాదే.

ఆ తట్టలు మోసినవారిలో పాలమూరు నుండి వచ్చిన ఒక పెద్దావిడ వున్నది. "ముందుగాల ఒక్క మాట చెప్పుంటే తొక్కుతుంటిమా సారూ? యినుము అడ్డమున్నది, నడిస్తిమి" అన్నది. ఆమె గొంతులో కోపం గూడా లేదు. అదే నన్ను యెక్కువ బాధించింది. కోసిన కూలి తర్వాత యెట్లాగో తిరిగి యిప్పించాను. కాగితం మీది మాట మాత్రం మార్చలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

ఆ తర్వాత ప్రతి కాంక్రీటు రోజునా పనికి ముందు పది నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. తాపీ మేస్త్రీలు గోడ నునుపు చేసే స్పాంజి మీద బొగ్గుతో గీతలు గీసి, ఒక కొన పట్టుకుని రెండో కొన వంచి చూపిస్తే, పై గీతలు యెడమవడం అందరికీ కనిపించింది. "పైన చినుగుతది, అందుకే పైన కుట్టాలె" అన్నది ఆ పెద్దావిడే. పాఠ్యపుస్తకంలో ఒక పేజీకి సరిపోయిన విషయం ఆ ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ రోజు నుండి కడ్డీల మీద నడక పలకలు వేయమని గుర్తుచేసే పని నాకు పడలేదు. వాళ్ళే అడిగి వేయించారు.

శాస్త్రం మన భాషలో, పనివాళ్ళ మాటలో చెప్పడానికి వీలుకాదనే వాదం నాకు అప్పటి నుండి నమ్మబుద్ధి కావడం లేదు. 1918లో యేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఇంజనీరింగు బోధించిన నగరమే యిది.

మన సాహిత్యం గురించి గూడా ఒక మాట మనవి చేస్తాను. మన కథల్లో కూలివాడి చెమట కనిపించినంతగా అతని తెలివి కనిపించదు. అతడు ఆకలితో వుంటాడు, దెబ్బ తింటాడు, కొన్నిసార్లు తిరగబడతాడు. కాని ఒక పని యిట్లానే యెందుకు చేయాలి అని ఆలోచించే కూలివాణ్ణి నేను తక్కువగా చదివాను. జాలి మాత్రమే చూపిన రచయితకూ, "అజాగ్రత్త" అని వ్రాసిన నాకూ ఒక విషయంలో పోలిక వున్నది. ఆ పెద్దావిడకు చెబితే అర్థమవుతుందని యిద్దరమూ అనుకోలేదు.

డిగ్రీ చేతికి వచ్చినరోజున మా నాన్న, "ఇంక నువ్వు ఎండలో నిలబడనక్కరలేదురా" అన్నాడు. ఆయన కష్టం తెలిసినవాణ్ణి గనుక ఎదురు చెప్పలేదు. కాని పనివాడి చదువు అతణ్ణి ఎండలోనుంచి నీడలోకి చేర్చి వూరుకుంటే, అక్కడ మిగిలినవారి నెత్తిన సజ్జ విరుగుతూనే వుంటుంది. నేను యిప్పటికీ సైటులోనే వున్నాను. స్పాంజి నా సంచిలోనే వున్నది.