ఇనుములో జంటలు

అతివాహకత ప్రసక్తి వస్తే ఇనుమును దూరంగా ఉంచడమే శాస్త్రజ్ఞుల ఆనవాయితీగా ఉండేది. ఆ ఆనవాయితీ చెదిరిన తీరు నాకు ఒక మంచి నవల చదివినంత ఇష్టం.

నిరోధమన్నది లేకుండా విద్యుత్తు ప్రవహించే ఆ స్థితిని 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో చూశాడు. కారణం చెప్పడానికి 1957 దాకా పట్టింది. బార్డీన్, కూపర్, ష్రీఫర్‌లు చెప్పినది ఇది: ఒక ఎలక్ట్రాను సాగిపోతుంటే చుట్టూ ఉన్న ధనావేశపు అయానులు దానివైపు కాస్త ఒరుగుతాయి. అది వెళ్ళిపోయాక కూడా ఆ ఒరుగుడు కొంతసేపు నిలిచి, మరొక ఎలక్ట్రానును లాగుతుంది. బురదదారిలో ముందు బండి చేసిన గాడిలోకి వెనక బండి చక్రం దిగినట్లు. అలా కుదిరిన జంటలో రెండు స్పిన్‌లూ ఎదురెదురు దిశలలో ఉంటాయి. అయస్కాంతత్వం ఆ రెండింటినీ ఒకే వైపు తిప్పజూస్తుంది. ఇనుము మీద అనుమానం అందుకే.

2008లో టోక్యోలో హొసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజనుల సమ్మేళనంలో కొంత ఫ్లోరిన్ చేర్చి 26 కెల్విన్ల వద్ద అతివాహకతను చూసింది. నెలలు తిరక్కుండానే లాంథనం బదులు సమేరియం వేసి చైనా శాస్త్రజ్ఞులు 55 కెల్విన్లకు చేరారు. అయానుల కంపనాలు ఇందుకు చాలవని ఆ ఏడే లెక్కలు తేల్చాయి.

మరి జంట కట్టించినదెవరు? శత్రువే అని మేజిన్ బృందమూ, కురోకి బృందమూ అదే ఏడు ప్రతిపాదించాయి. ఫ్లోరిన్ లేనప్పుడు ఇనుప పరమాణువుల స్పిన్‌లు వరుస విడిచి వరుస ఎదురు దిశలో నిలుస్తాయి. ఫ్లోరిన్ చేరాక ఆ క్రమం చెదిరి, దాని ఊగిసలాట మిగులుతుంది. ఇందులోని ఎలక్ట్రానులు, వాటి ద్రవ్యవేగాన్ని బట్టి, ముఖ్యంగా రెండు గుంపులు: ఒకటి నడిమిది, మరొకటి అంచులది. ఊగిసలాట ఈ గుంపుల మధ్య వికర్షణను పెంచుతుంది. జంటల తరంగం ఒక గుంపులో ధనం, రెండవదానిలో ఋణం అయితే ఆ వికర్షణే బంధమవుతుంది. (కొన్ని దాంపత్యాలు గుర్తుకొస్తే ఆ పాపం నాది కాదు.)

నా మొగ్గు ఈ వాదం వైపే. న్యూట్రాన్ ప్రయోగాలలో అతివాహక స్థితిలోనే తలెత్తే శిఖరం ఒకటి దీనికి బలమిస్తోంది. కానీ స్పిన్‌ల కన్న కక్ష్యల ఊగిసలాటే అసలు కారణమనీ, గుర్తు మారనక్కర లేదనీ కొంతాని, ఒనారిలు వాదించారు.

ఇద్దరినీ ఇరుకున పెట్టేది ఐరన్ సెలినైడు. ముద్దగా ఉంటే దాని హద్దు 8 కెల్విన్లే. స్ట్రాన్షియం టైటనేటు మీద ఒక్క పొరగా పరిస్తే 60 కెల్విన్లకు అటూ ఇటూగా జంటల ఆనవాళ్ళు కనబడుతున్నాయి. ఆ పొరలో నడిమి గుంపే లేదు! ఇక గుర్తు మార్చుకునేది ఎవరితో? అడుగున ఉన్న టైటనేటు కంపనాలూ ఒక చేయి వేస్తున్నాయని 2014 నాటి ప్రయోగం సూచించింది. పాత బండి గాడి మళ్ళీ వచ్చిందన్నమాట, ఈసారి పక్కింటి నుంచి.