గట్టు మీద కరెంటు

'డొమైన్ వాల్' అంటే తెలుగులో ఏంటని ఎవరైనా అడిగితే నేను 'గట్టు' అంటాను. డిక్షనరీలో దొరకదు లెండి. కానీ మా కొత్తపేట చేల మధ్య తిరిగినవాళ్లకి ఇంకో మాటతో చెప్పడం దండగ.

ముందు మడి సంగతి. ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాల్లో అయాన్లు ఉండాల్సిన చోటు నుంచి కొంచెం పక్కకి జరిగి ఉంటాయి. అందుకే ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్. వోల్టేజీ ఇస్తే ఆ దిక్కు తిరగబడుతుంది, తీసేసినా అలాగే ఉండిపోతుంది. ఒకే దిక్కున్న ప్రాంతమంతా ఒక మడి. రెండు మళ్లు కలిసేచోట గట్టు. దాని మందం ఒకటి రెండు నానోమీటర్లు, అంతే!

2009లో బర్క్‌లీలో యాన్ సైడెల్, రామమూర్తి రమేష్‌ల బృందం బిస్మత్ ఫెర్రైట్ పలచటి పొరని సూది మొనతో తడిమి చూసింది. ఆ పదార్థం ఇన్సులేటర్, మళ్లల్లో కరెంటు పారదు. గట్ల వెంట మాత్రం పారింది, అదీ మామూలు గది వేడిలోనే. అన్ని గట్లూ కాదు. దిక్కు 180, 109 డిగ్రీలు మారే గట్లలో పారింది, 71 డిగ్రీల గట్లలో కనపడలేదు. 2011లో నెదర్లాండ్స్‌లో వాటిలోనూ దొరికింది.

మన ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ ఉంది కదా, అందులో తీగలు ముందే వేసి ఉంటాయి. మనం మార్చేది స్విచ్‌లనే. ఇక్కడ అసలు తీగే లేదు. వోల్టేజీతో గట్టు గీస్తే అదే తీగ, చెరిపేసి ఇంకోచోట గీసుకోవచ్చు. 2017లో సైడెల్ వాళ్లే ఆస్ట్రేలియాలో, గట్టు ఉంటే 1, లేకపోతే 0 అనే మెమరీ చేసి చూపించారు. పారే కరెంటు మరీ తక్కువ, గట్లు ఉన్నచోట ఉండకుండా జరుగుతుంటాయి కూడా. కాబట్టి మన ల్యాప్‌టాప్‌లోకి ఇప్పట్లో రాదనే నా అనుమానం.

ఇదంతా తాతయ్యకి చెప్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మరి ఆ గట్టెవరిదిరా?"

మా ఇంట్లో అది చిన్న ప్రశ్న కాదు. పంపకాలయ్యాక మాకూ పెదనాన్న వాళ్లకీ మాటల్లేవు. ప్రతి సార్వాకీ గట్టు చెక్కేటప్పుడు అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు పోతూ, ఇప్పుడు అడుగులో అడుగేసుకుని నడవాల్సొస్తోంది. అయినా రెండిళ్ల ఎరువు బస్తాలూ వెళ్లేది దానిమీదే. పెద్దమ్మ ఎవరూ చూడకుండా మాకు పనసతొనలు పంపేదీ దానిమీదే.

"ఎవరిదీ కాదు తాతయ్యా. రెండు మళ్లూ వేరుగా ఉన్నంతసేపే అది ఉంటుంది. ఒకటి దిక్కు మార్చుకుని రెండోదాంట్లో కలిసిపోతే గట్టు మాయం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మట్టెక్కణ్ణుంచి తెస్తారు?"

"మట్టి ఉండదు తాతయ్యా. గాలివానకి ఒక చేను తూర్పుకీ, పక్క చేను పడమటికీ ఒరిగితే మధ్యలో గీత పడుతుంది కదా, అలాంటిది."

"అలా ఒరిగితే గింజ మొలకొచ్చేస్తాదిరా," అన్నారు, అదే అసలు సమస్య అన్నట్టు. "సరే, మరి గండి పడితే?"

"ఆయ్, మళ్లీ గీస్తారు. కోట్లసార్లు గీసి చెరిపినా నిలబడాలి. ఇప్పుడు వాళ్ల పనంతా దానిమీదే."