చేతిపని, చేతిలోని ఫోను



మన సంఘంలో నెల జీతగాళ్ళు తక్కువ. బట్టలు కుట్టే అక్కలు, ఆటో నడిపే తమ్ముళ్ళు, వడ్రంగం, కరెంటు పని చేసే అన్నలు, ఇంటి దగ్గరే చీరలు అమ్మే చెల్లెళ్ళు ఎక్కువ. పొద్దున బెల్లు కొట్టేవారు లేరు, సాయంత్రం "ఇక ఇంటికెళ్ళు" అనేవారూ లేరు. అపొస్తలుడైన పౌలు కూడా చేతిపనివాడే. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. సొంత పని చేసుకునేవారి చేతిలోని స్మార్ట్‌ఫోన్ గురించి ఈ వారం కాస్త ఆలోచిద్దాం.

ఫోను చెడ్డదని నేను చెప్పను. గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు దాని మేలు చూస్తూనే ఉంటాను. పక్క ఊరి నుంచి జాకెట్టు మోడల్ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. మోటారు కాలిపోయిన రైతు పొలంలోంచే మెకానిక్‌ని పిలుస్తాడు. 2016లో యూపీఐ మొదలైన తర్వాత కూరగాయల బండి దగ్గర కూడా చిల్లర బాధ తగ్గింది.

అయితే ఆ మేలు వెనకే ఒక దొంగ కూడా ఇంట్లోకి వచ్చాడు. మిషను మీద గుడ్డ ఉండగానే ఫోను మోగుతుంది. మెసేజ్ చూడడానికి అర నిమిషం. చూసిన వేలు అక్కడితో ఆగదు. ఒక రీల్, ఇంకో రీల్. తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపామో గుర్తుండదు. జీతగాడికి గంట వృథా అయినా నెలాఖరుకు జీతం వస్తుంది. మనకు గంట పోతే ఆ గంట కూలి పోయినట్టే. రాత్రి పదింటికి "అక్కా, నా బట్టలు అయ్యాయా?" అని ఫోను. ఎత్తకపోతే బేరం పోతుందేమోనని భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఇల్లు గడవాలి కదా.

ఒక అక్క చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. పనికి వేరే నంబరు తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంది. రాత్రి ఎవరైనా మెసేజ్ పెడితే "రేపు ఉదయం తొమ్మిదికి మాట్లాడతాను" అని దానంతట అదే జవాబు వెళ్తుంది. బేరాలు పోలేదు. పిల్లలతో కూర్చుని అన్నం తినే వేళ ఆమెకు తిరిగి దొరికింది.

ఇంతకంటే బరువైన మాట ఒకటుంది. అక్క ఫోనులో ఎంతోమంది ఆడవాళ్ళ నంబర్లు, కొలతలు, ఫోటోలు ఉంటాయి. కరెంటు పని చేసే అన్నకు "మేం ఊళ్ళో లేం, తాళం పక్కింట్లో ఉంది" అని మెసేజ్ వస్తుంది. ఇవన్నీ నమ్మి ఇచ్చినవి.

నాకు తెలిసిన ఒక తమ్ముడు పనిముట్ల కోసం ఒక లోన్ యాప్‌లో కొద్ది డబ్బు తీసుకున్నాడు. కాంటాక్టులు చూస్తానని అది అడిగితే సరేనని నొక్కాడు. వాయిదా తప్పగానే అతని కస్టమర్లకు ఫోన్లు వెళ్ళాయి, అదీ తిట్లతో. బాకీ తీరింది గానీ కొందరు అతన్ని మళ్ళీ పనికి పిలవలేదు. అప్పు యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ళు ముట్టకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. అడిగిందంటేనే ఆ యాప్‌ను నమ్మకండి.

ఇంకో రెండు మాటలు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోవడానికే. మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం.

మనం గృహనిర్వాహకులం. దేవుడు మనకు అప్పగించినవాటిలో సమయం, డబ్బుతో పాటు పొరుగువారి నమ్మకం కూడా ఉంది. ఈ రాత్రి ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏ యాప్‌కు కాంటాక్టులు చూసే అనుమతి ఉందో చూడండి. అవసరం లేనిదానికి తీసేయండి. తెలియకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక మన యవనస్థులను అడగండి, చూపిస్తారు.

దేవుడు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమేన్.