పదో తరగతి మెమోలో నా పేరు



మా పాప ఈ స్కూల్లో 7వ తరగతి చదువుతోంది. నేను నర్సుని. మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు వరండాలో ఒకావిడ, "మీరు బెంగళూరు నుంచి వచ్చారు కదా, ఇక్కడ ఉద్యోగం వెంటనే దొరికిందా?" అని అడిగారు. "రెండు వారాల్లో దొరికిందండీ, చేరడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది" అన్నాను. ఆ ఏడు నెలల సంగతే ఇక్కడ రాస్తున్నాను. నర్సింగ్‌తో సంబంధం లేనివాళ్లకు కూడా పనికొచ్చే మాట ఇందులో ఒకటి ఉంది.

మాది అనంతపురం జిల్లా. ఇంటర్ అయ్యాక, మా వైపు చాలామంది ఆడపిల్లల్లాగే నేనూ బెంగళూరు వెళ్లి జీఎన్ఎం చేశాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లోనే రిజిస్టర్ అయ్యాను. ఐసీయూలో తొమ్మిదేళ్లు పనిచేశాను. 2022లో మా వారికి హైదరాబాద్ బదిలీ అయింది. ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఇంటర్వ్యూ బాగా జరిగింది, జీతం కూడా మాట్లాడుకున్నాం. ఆఖర్న హెచ్‌ఆర్ మేడమ్ నా ఫైలు తిరగేసి, "ఇది కర్ణాటక రిజిస్ట్రేషన్ కదండీ, తెలంగాణది ఏదీ?" అన్నారు.

నర్సు ఎక్కడైనా నర్సే కదా అనుకున్నాను. చదువు విషయంలో అది నిజమే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. దాని ప్రకారం గుర్తింపు ఉన్న కోర్సు చదివితే ఆ అర్హత ఏ రాష్ట్ర రిజిస్టర్‌లో చేరడానికైనా సరిపోతుంది. కానీ ఆ రిజిస్టర్‌ను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నడుపుతుంది. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఇప్పుడు కౌన్సిళ్లు వేరు. రాష్ట్రం మారితే పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ఈమె మా దగ్గర నమోదైన నర్సే అని వాళ్లు ధ్రువీకరిస్తే, కొత్త కౌన్సిల్ తన రిజిస్టర్‌లో చేర్చుకుని నంబరు ఇస్తుంది.

వినడానికి సులువే. నా ఫైలు దగ్గర రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది పూర్తిగా నా తప్పే. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. నాది గడువు దాటి నాలుగు నెలలైంది, నేను చూసుకోలేదు. ముందు అది పూర్తయితేగానీ ఎన్‌ఓసీకి దరఖాస్తు చేసే వీల్లేదు.

రెండోది నా పేరు. పదో తరగతి మెమోలో నా పేరు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పేరు చివర "అమ్మ" ఉంది. జీఎన్ఎం సర్టిఫికెట్ ఆ మెమో చూసి రాసిందే. ఆధార్‌లో "అమ్మ" లేదు, పెళ్లయ్యాక మా వారి ఇంటిపేరు పూర్తిగా చేరింది. మెమోలోని మనిషి, ఆధార్‌లోని మనిషి ఒకరేనని నేను రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మా ఊరి బడిలో సారు నాన్నను అడిగి పేరు రాసుకున్నారు. నాన్నకు చదువు రాదు. ఇంట్లో పిలిచినట్టే చెప్పి వేలిముద్ర వేశారు. అందులో ఎవర్ని తప్పుపట్టను?

మ్యారేజ్ సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్, పాత మార్కుల మెమోలు అన్నీ సంచిలో పెట్టుకుని రెండుసార్లు రాత్రి బస్సులో బెంగళూరు వెళ్లొచ్చాను. మిగతా రోజులన్నీ ఎదురుచూపులే.

ఆ మధ్యలో మా ఇంటి దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు కబురు పెట్టారు. "నంబరు వచ్చేదాకా మా దగ్గర చెయ్యమ్మా. రికార్డులో నీ పేరు రాయం, జీతం చేతికిస్తాం" అన్నారు. పాప టర్మ్ ఫీజు గడువు ఇంకా పది రోజులుంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఐసీయూలో మందు ఇచ్చిన ప్రతిసారీ షీటులో టైము వేసి సంతకం పెడతాం. డోసులో తేడా వస్తే ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఆ సంతకమే చెబుతుంది. ఇక్కడ ఆ గడిలో ఎవరి సంతకం ఉంటుంది? రేపు రోగికి ఏదైనా అయితే, వాళ్ల మనుషులు ఎవర్ని అడుగుతారు? పొద్దున్నే వెళ్లి రానని చెప్పేశాను. నా గొలుసు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టాం.

అప్పుడు మా పాప నాలుగో తరగతి. స్కూల్ డైరీ మొదటి పేజీలో తల్లి వృత్తి అన్న చోట ఏం రాయాలో తెలియక, పెన్సిల్‌తో "గృహిణి" అని రాశాను. అది చూసి, "నువ్వు ఇప్పుడు నర్సువి కాదా అమ్మా?" అంది. "నర్సునే, కాగితం రావాలి" అన్నాను. "మరి పెన్సిల్‌తో రాశావేం?" అంది. నాకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి.

ఏడో నెలలో తెలంగాణ నంబరు వచ్చింది. హెచ్‌ఆర్ మేడమ్‌కు ఫోన్ చేస్తే, ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయిందిగానీ ఇంకో వార్డులో ఖాళీ ఉందన్నారు. జీతం కాస్త తక్కువే. చేరాను. ఆ సాయంత్రం పాపే రబ్బరు తెచ్చి డైరీలో పాత మాట చెరిపేసింది. ఆ చోట నేను పెన్నుతో రాశాను.

ఇప్పుడు ముందు చెప్పిన ఆ పనికొచ్చే మాట. ఈ ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకుని మీ పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు పక్కపక్కన పెట్టి చూడండి. పేరులో ప్రతి అక్షరం, ఇంటిపేరు పొడి అక్షరమా పూర్తిగానా, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా ఉన్నాయా? సీబీఎస్ఈ పిల్లలకు 9వ తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది. స్టేట్ సిలబస్ పిల్లలకు పదో తరగతి నామినల్ రోల్స్‌లో పేరు వెళుతుంది. తేడా ఉంటే ఆలోపే ఆఫీసులో చెప్పి సరిచేయించండి. ఒకసారి మెమోలో ముద్రపడ్డాక దిద్దించుకోవడం చాలా కష్టం.

మా నాన్నకు ఆ కాగితం చదవడం రాదు. మనకు వచ్చు కదా, ఒకసారి చదువుదాం.