టెల్ అవీవ్ టికెట్టుకు ముందు కోటలో వేసుకున్న లెక్క

2025 ఆగస్టు చివర అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతం చేశాక కోట, వాకాడు, చిల్లకూరు రొయ్యల గుంటల గట్ల మీద ఎవరిని కదిపినా కౌంటు ధర గురించే మాట నడిచింది. ధర రైతు చేతిలో లేదు. ఖర్చు మాత్రం కొంతవరకు ఉంది. వాడిన నీటినే శుద్ధి చేసి మళ్లీ గుంటలోకి పంపే యంత్రాలను కళ్లారా చూడాలని ఇజ్రాయెల్ ప్రయాణం పెట్టుకున్నాను. ఎడారిలో చేపలు పెంచుతున్న దేశం అది. యూదుల ఆచారంలో రొయ్య నిషిద్ధం. అయినా బీర్షెబాలోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో అమీర్ సగీ అనే ప్రొఫెసర్ నీలకంఠ రొయ్యలో అన్నీ మగవే, లేదా అన్నీ ఆడవే పుట్టే సీడ్‌పై ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకప్పుడు నీలకంఠతో బాగుపడిన నెల్లూరు వాళ్లకు ఆ కబురు ఎంత ఆశ పుట్టిస్తుందో చెప్పనక్కర్లేదు.

మా బామ్మర్ది మాత్రం ఒకటే అడిగాడు. "మేత బాకీ పెట్టుకోని అంత దూరం పోవాల్నా బావా?"

న్యాయమైన ప్రశ్న. అందుకే ముందు మేత కొట్టు బాకీ తీర్చాను. వచ్చే పంటకు సీడు, మేత, కరెంటు, లీజుకు కావలసిన డబ్బు తీసి వేరే ఖాతాలో వేశాను. ఆ తర్వాత మిగిలిన దాంట్లోంచే ప్రయాణానికి మూడు లక్షలు కేటాయించాను. పంట డబ్బుతో విమానం ఎక్కితే, తెల్లమచ్చ తెగులొచ్చి పంట పోయిన రోజున మళ్లీ సీడుకీ మేతకీ వడ్డీకి తేవాల్సిందే. 1990లలో ఆ తెగులు ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో మా ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు.

వెళ్తే ఎంత అవుతుందో అందరం లెక్క వేసుకుంటాం. ఇజ్రాయెల్ విషయంలో, వెళ్లలేకపోతే ఎంత పోతుందన్నదే ముందు చూసుకోవాలి. 2025 జూన్‌లో ఇరాన్‌తో పోరు మొదలవగానే బెన్ గురియన్ విమానాశ్రయం మూతపడింది. మనవాళ్లను జోర్డాన్, ఈజిప్టు సరిహద్దులు దాటించి 'ఆపరేషన్ సింధు' కింద ఇంటికి తీసుకురావాల్సి వచ్చింది. అందుకే డబ్బు తిరిగి రాని చవక టికెట్టు వద్దనుకుని, రద్దు చేసుకునే వీలున్న దానికి పద్దెనిమిది వేలు ఎక్కువ పెట్టాను. హోటల్ కూడా అంతే. పైగా రక్షణ గది ఉందని ముందే అడిగి ఖాయం చేసుకున్నాక గది తీసుకున్నాను. ప్రయాణ బీమా పత్రంలో మినహాయింపుల పేజీని వరుస వరుసా చదివాను. చాలా పాలసీలు యుద్ధం వల్ల కలిగే నష్టానికి పైసా ఇవ్వవు. కాబట్టి ఆ భారం బీమా మీద వేయకుండా టికెట్టు, హోటల్ నిబంధనల్లోనే చూసుకోవాలి. ఆ పద్దెనిమిది వేలను నేను దండగ కింద రాయను.

ఇక వీసా. దక్షిణాది వాళ్లకు ఇజ్రాయెల్ కాన్సులేట్ బెంగళూరులో ఉంది. యంత్రాలు చూడటానికి పిలిచిన కంపెనీ ఉత్తరంతో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపన్ను రిటర్నులు జతచేయాలి. ఏజెంటు దగ్గర నగదు పుచ్చుకుని కాగితం లేకుండా అమ్మేవాళ్లకు ఇక్కడే చిక్కు. రొయ్యల సాగును పన్ను చట్టం వ్యవసాయంగా చూడదు, వ్యాపారం కిందే లెక్క. అందులో మనకూ మేలుంది. వ్యాపారం కోసమే చేసిన ప్రయాణ ఖర్చును బిల్లులుంటే ఆదాయంలోంచి తీసి చూపుకోవచ్చు.

ఆ బిల్లులేమో అక్కడి కొట్లలో చాలావరకు హీబ్రూలోనే వస్తాయి. మన ఆడిటరుకు అందులో అంకెలు తప్ప ఏమీ అర్థం కాదు. ప్రతి బిల్లు వెనకా అప్పటికప్పుడే తేదీ, ఖర్చు దేనికో, ఎవరిని కలవడానికో రాసుకోవాలని నిర్ణయించుకుని, జేబు పుస్తకం ఒకటి కొన్నాను. భాష నేర్చుకునే తరగతులకు డబ్బు పెట్టలేదు. కంపెనీల వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారు. షాలోమ్, తోదా, ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఇంత మటుకు ఫోనులో ఉచితంగానే నేర్చుకుంటున్నాను.

డబ్బు మార్పిడికి కాస్త ఆగి ఆలోచించాను. అక్కడ చెల్లేది షెకెల్. నాకిచ్చిన ఫారెక్స్ కార్డులో షెకెల్ లేదు, డాలర్లే. అంటే రూపాయి డాలరవుతుంది, డాలరు షెకెలవుతుంది, రెండు చోట్లా కోత. క్రెడిట్ కార్డయితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా అదనంగా లాగుతాయి, దానిపై జీఎస్టీ వేరే. రెండూ పోల్చి, ఎక్కువ భాగం కార్డులో డాలర్లుగా వేయించి కొద్దిగా నోట్లు తీసుకున్నాను. ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే ఇస్తారు. రూపాయల్లో 50,000 దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే చెల్లించాలి.

రోజులు కూడా డబ్బే. అక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా ఆఫీసులుండవు, రైళ్లు తిరగవు. శుక్రవారం దిగితే పని లేకుండానే రెండు రాత్రుల గది అద్దె కట్టాలి. నేను ఆదివారం పొద్దున దిగేలా చూసుకున్నాను.

అసలు పెద్ద ఖర్చు అక్కడ యంత్రం కొనడానికి సంతకం పెట్టేటప్పుడు వస్తుంది. 1990ల చివర కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యాన్ని ప్రభుత్వం చేసి చూపించింది. పంట చూసి మెచ్చుకున్నవాళ్లే ఖర్చు చూసి పెదవి విరిచారు. నేను పెట్టబోయేది సొంత డబ్బు. అందుకే రెండు ప్రశ్నలు రాసుకున్నాను. చెప్పే ధర వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరిదా, చెన్నై రేవు దాకానా? యంత్రం గంటకు ఎన్ని యూనిట్లు తాగుతుంది? ఆక్వా కరెంటు యూనిట్ రూపాయిన్నర రాయితీ ధరకు దొరికితేనే గిట్టుబాటయ్యే యంత్రాన్ని కొననని ముందే అనుకున్నాను. రాయితీని ఏ ప్రభుత్వమైనా మార్చొచ్చు. అక్కడ ఉండగా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వనని బామ్మర్దికి మాటిచ్చాను. కొటేషన్ ఇంటికి తెచ్చుకుని, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ కలుపుకుని అందరం కూర్చుని చూస్తాం.

విదేశీ యంత్రం తెప్పించుకోవాలంటే ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు కావాలి. డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. మన తీరంలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే టికెట్టు చూడకముందే ఐఈసీ తీసుకోండి, ఈ ఏడాది రిటర్ను గడువులోపల వేయండి.