లెక్కకు మన తెలుగు వరస

ఈసారి కాస్త లెక్కల సంగతి, ఓపిగ్గా చదవండి.

మన ధర్మపురిలో ఏ కిరాణా కొట్లోనైనా గల్లాపెట్టె పక్కనుండే మామూలు క్యాలిక్యులేటర్‌లో 100 + 20 × 15 వరసగా నొక్కి చూడండి. 1800 చూపిస్తుంది. అవే మీటలు సెల్‌ఫోన్‌లో నొక్కితే 400. రెండూ బాగానే ఉన్నాయి, పద్ధతే వేరు. కొట్లోది అందిన లెక్కను అందినట్టే చేసేస్తుంది: ముందు 120, దాన్ని 15తో హెచ్చవేత. ఫోన్ మాత్రం బళ్లో చెప్పిన నియమం పాటిస్తుంది: హెచ్చవేత ముందు, కూడిక తర్వాత.

ఆటోకు వంద, పదిహేను రూపాయల నోటుబుక్కులు ఇరవై అనుకోండి. అయ్యేది 400 రూపాయలే. అందుకే సంఘం లెక్కలు రాసేవాళ్లు 20 × 15 ముందు నొక్కి, తర్వాత 100 కలపడం మేలు. అప్పుడు ఏ మిషనైనా ఒకే జవాబిస్తుంది.

అసలీ తికమకే లేని మిషన్లూ ఉన్నాయి. 1972లో వచ్చిన హెచ్‌పీ-35లో 'సమానం' మీట లేదు, బ్రాకెట్లూ లేవు. 100 ఎంటర్, 20 ఎంటర్, 15, ఆపైన ×, ఆపైన +. హెచ్చవేత మీట చివరి రెండంకెల్నీ తీసుకుంటుంది, కూడిక మీట ఆ 300ని, కాచుకొని ఉన్న వందతో కలుపుతుంది. దీని పేరు రివర్స్ పోలిష్ పద్ధతి. పోలండ్ తర్కవేత్త యాన్ వుకాషేవిచ్ 1920లలో గుర్తును అంకెలకు ముందు పెట్టాడు, ఇందులో గుర్తు వెనక్కి వెళ్లింది. 1981 నాటి హెచ్‌పీ-12సీ కూడా ఈ బాపతుదే.

వినడానికి వింతగా ఉన్నా, మనం ఇంట్లో మాట్లాడేది ఇలాగే కదా! "ఇరవైని పదిహేనుతో హెచ్చించు, దానికి వంద కలుపు." అంకెలు ముందు, చేయాల్సిన పని చివర. తమిళంలోనూ ఇదే వరస. ఏది ముందో, ఏది వెనకో మాటలోనే తేలిపోతుంది.

మన పిల్లలు బళ్లో తమిళమో ఇంగ్లీషో చదువుతున్నారు. తెలుగు అన్నం పెట్టమనడానికీ, అలగడానికీ మాత్రమే మిగులుతోంది. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం అనే నాలుగు మాటలు ఎంతమందికి తెలుసో ఈ రాత్రి అడగండి. పాల లెక్క, చీటీ లెక్క వాళ్లచేత తెలుగులో చెప్పించండి. పనికొచ్చే భాషను పిల్లలు వదలరు.