బీరువాలో ఒకటి, బేస్‌మెంటులో ఒకటి

1970ల చివరి నుంచి 2000ల తొలి సంవత్సరాల దాకా అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో మిగిలి ఉన్న వీడియో క్యాసెట్లు పుట్టుకను బట్టి రెండు తెగలుగా విడిపోతాయి. చెల్లెలి పెళ్లికో, తమ్ముడి ఒడుగుకో, తాతగారి సహస్ర చంద్ర దర్శనానికో సెలవు దొరకక, వీసా చిక్కులు తీరక రాలేకపోయిన వారి కోసం ఊళ్లో స్టూడియోవారి చేత తీయించి, ప్రయాణమవుతున్న తెలిసినవారి సామానులో పెట్టి పంపినవి మొదటి తెగ. పిల్లల అన్నప్రాశననో, మొదటి పుట్టినరోజునో, అద్దెకు తీసుకున్న బడి హాలులో తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకనో క్యామ్‌కార్డర్‌తో, అంటే చిత్రీకరణా రికార్డింగూ ఒకే పనిముట్టులో జరిగే చేతి కెమెరాతో తీసి, అమ్మమ్మ, నాయనమ్మ చూసుకుంటారని స్వదేశానికి పంపినవి రెండో తెగ. ఫోనులో నిమిషం మాట్లాడాలన్నా ఖర్చు గురించి ఆలోచించవలసిన ఆ కాలంలో ఈ క్యాసెట్లు ఉత్తరాల పని చేశాయి కాబట్టి, ఉత్తరాల మాదిరిగానే అవి రాసినవారి ఇంట కాక అందుకున్నవారి ఇంట మిగిలాయి. ఒకే కుటుంబానికి చెందిన దృశ్యాల్లో కొన్ని గుంటూరులో ఇనప బీరువాలో కలరా ఉండల మధ్య ఉంటే, కొన్ని న్యూజెర్సీలో బేస్‌మెంటులోని అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిని డిస్కుల్లోకి ఎక్కించే పని ఏ దేశంలో ఉన్నవారు తలపెట్టినా, చేతికందిన క్యాసెట్టును దుకాణంలో ఇచ్చి రావడానికి ముందు, ఏ దృశ్యానికి అసలు ప్రతి ఎక్కడ ఉందో తేల్చుకోవడం అవసరం.

ఈ అవసరానికి మూలం టెలివిజన్ చరిత్రలో ఉంది. అమెరికా 1953లో రంగుల ప్రసారాల కోసం ఎన్.టి.ఎస్.సి. అనే పద్ధతిని ఆమోదించింది. పశ్చిమ జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన వాల్టర్ బ్రూఖ్ 1960ల తొలి సంవత్సరాల్లో రూపొందించిన పాల్ అనే పద్ధతిని యూరప్‌లో చాలా దేశాలు స్వీకరించగా, 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది రంగుల్లోకి అడుగుపెట్టిన భారతదేశం కూడా దాన్నే ఎంచుకుంది. బొమ్మను అడ్డగీతలుగా విడగొట్టి తెరమీద పరచడం రెండింటికీ ఉమ్మడి సూత్రమే అయినా, పాల్‌లో ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు ఉంటాయి, ఎన్.టి.ఎస్.సి.లో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు ఉంటాయి. ఇండియాలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో, అమెరికాలో 60 ఆవర్తనాలతో ప్రవహించడమే ఈ వేగాల తేడాకు తొలి కారణం. క్యాసెట్టు మాత్రం రెండు దేశాల్లోనూ ఒకటే: జపానులో జె.వి.సి. సంస్థ 1976లో విడుదల చేసిన, అర అంగుళం వెడల్పు టేపు గల వి.హెచ్.ఎస్. కనుక విజయవాడలో తీసిన పెళ్లి క్యాసెట్టు అమెరికాలో కొన్న వి.సి.ఆర్.లో చక్కగా దూరుతుంది, టేపూ తిరుగుతుంది, కాని బొమ్మ నిలవదు. రావడానికి వీలుకాని పెళ్లిని కనీసం తెరమీదైనా చూద్దామని ఎదురుచూసిన ఇంట్లో ఇది ఎంత నిరాశ కలిగించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీనికి అప్పట్లో దొరికిన పరిష్కారాలు రెండు. స్తోమత ఉన్నవారు రెండు పద్ధతులనూ చదవగల మల్టీ సిస్టమ్ వి.సి.ఆర్. కొనుక్కున్నారు. తక్కినవారు క్యాసెట్టును దుకాణంలో ఇచ్చి కన్వర్షన్ చేయించుకున్నారు, అంటే ఒక పద్ధతిలోని బొమ్మను రెండో పద్ధతిలోకి మార్చి వేరే టేపు మీద నకలు తీయించుకున్నారు. అమెరికా నుంచి ఇంటికి పంపిన వాటికీ చాలాసార్లు ఇదే జరిగింది. ఈ మార్పులో నష్టం మూడు చోట్ల జరుగుతుంది. పాల్ బొమ్మలో కంటికి కనబడే 576 గీతలను 480కి కుదించాలి కనుక నిలువు వివరంలో ఆరో వంతు పోతుంది. సెకనుకు 25 బొమ్మలను 30 చేయడానికి మామూలు యంత్రాలు కొన్ని భాగాలను రెండుసార్లు చూపుతాయి, తిరుగు దిశలో కొన్నింటిని వదిలేస్తాయి. ఊరేగింపులో మెల్లగా సాగే కారు దగ్గర ఇది తెలియకపోయినా, కూచిపూడి ఆడుతున్న అమ్మాయి పాదం తాళానికి పడే చోట ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. మూడోది రంగు. వి.హెచ్.ఎస్. టేపు మీద రంగుకు కేటాయించిన చోటు చాలా ఇరుకైనది కావడం వల్ల ఎరుపు పక్కకు అలుముకుపోతుంది, నకలుకు నకలు తీసినకొద్దీ మరింత వ్యాపిస్తుంది. మధుపర్కాల ఎర్రని అంచు తెల్లని బట్టలోకి, నుదుటి కుంకుమ కనుబొమల్లోకి పాకిపోయిన పెళ్లి క్యాసెట్లను చూసి కెమెరామన్‌ను తప్పుపట్టడం సరికాదు. అది రెండో తరం నకలు లక్షణం.

కాబట్టి న్యూజెర్సీ ఇంట్లో ఉన్న పెళ్లి క్యాసెట్టు బహుశా కన్వర్షన్ చేసిన నకలు. దాని అసలు పెళ్లివారి ఇంట బీరువాలో ఉండే అవకాశం ఎక్కువ. అట్లాగే గుంటూరులో ఉన్న మనవడి పుట్టినరోజు క్యాసెట్టు నకలైతే, దాని అసలు బేస్‌మెంటులో ఎనిమిది మిల్లీమీటర్ల వీడియో 8 టేపుగానో, 1989లో వచ్చిన హై 8 టేపుగానో, అరచేతిలో ఇమిడే వి.హెచ్.ఎస్.-సి. గానో ఉంటుంది. పెళ్లి క్యాసెట్ల విషయంలో ఇంకొక మెట్టు పైకి వెళ్లవచ్చు. స్టూడియోవారు మిక్సింగ్ చేసి ఇచ్చిన ప్రతిలో దంపతుల ముఖాల చుట్టూ పూలు విచ్చుకుంటాయి, తలంబ్రాల మీద సినిమా పాట వినిపిస్తుంది. మిక్సింగుకు ముందు కెమెరాలో నడిచిన టేపును కూడా అడిగి పుచ్చుకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, దొరికితే అదే అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే అందులో పాట లేదు, మనుషుల మాటలు ఉన్నాయి: పురోహితుడు వరుడికి మంత్రం అందిస్తూ చెప్పే అర్థం, అప్పగింతల వేళ తల్లి గొంతు, మండపం వెనక వంటవాళ్లను పురమాయిస్తున్న మేనమామ కేక. ప్రవాసంలో పుట్టిన తరానికి ఆ కేక కూడా ఆస్తే.

మాటల విషయం మరికొంత వివరంగా చెప్పదగినది. ఈ టేపుల్లో ఉన్న తెలుగు ఇంక ఎక్కడా రికార్డు కానిది. నెల్లూరు యాసలో, కరీంనగర్ యాసలో, విజయనగరం యాసలో కెమెరా వైపు తిరిగి, దూరదేశంలో ఉన్న కొడుకును పేరు పెట్టి పిలిచి, పంట ఎట్లా ఉందో, ఆవు ఈనిందో లేదో చెప్పిన పెద్దల మాటలకు ఏ ఆకాశవాణి దగ్గరా ప్రతి లేదు. అటువైపు టేపుల్లో మరొక చరిత్ర ఉంది: మూడేళ్లప్పుడు తల్లితో గలగలా తెలుగు మాట్లాడిన పిల్లవాడే, వరస క్యాసెట్లు చూస్తూ పోతే, బడిలో చేరిన తరవాత ఇంగ్లీషులో జవాబివ్వడం, పదేళ్లు వచ్చేసరికి తాతగారికి నమస్కారం చెప్పమంటే తల్లి వైపు చూడడం కనిపిస్తుంది. వలస వెళ్లిన భాష ఒక తరంలో ఎట్లా పలుచబడుతుందో అధ్యయనం చేయగోరే వారికి ఇంతకన్నా ప్రత్యక్షమైన ఆధారం దొరకదు. అమెరికాలోని దక్షిణాసియావాసుల చరిత్రకు సంబంధించిన పత్రాలను, ఛాయాచిత్రాలను, దృశ్యాలను 2008 నుంచి సేకరిస్తున్న సాడా అనే డిజిటల్ భాండాగారం సామాన్య కుటుంబాల వస్తువులకు చోటివ్వడంలోని ఔచిత్యం ఇదే. అందుకే మార్పిడి చేసేటప్పుడు బొమ్మ మీద ఉన్న శ్రద్ధ శబ్దం మీద కూడా ఉండాలి. వి.హెచ్.ఎస్.లో మామూలు శబ్దం టేపు అంచున సన్నని దారిలో ఉంటుంది కనుక, అంచు నలిగితే ముందు పోయేది మాటే. హైఫై క్యాసెట్లలో దీనికి తోడు బొమ్మతో పాటే ఏటవాలుగా రికార్డయిన రెండో శబ్దమార్గం ఉంటుంది. ఇంట్లోవారు తరవాత అంచు మార్గం మీద పాట ఎక్కించి ఉన్నా, హైఫై మార్గంలో పాత మాటలు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. రెండింటినీ విడివిడిగా విని చూడాలి.

టేపు వయసు సంగతి. పాలియెస్టర్ పట్టీ మీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచే బైండర్ అనే జిగురు పదార్థం గాలిలోని తేమను పీల్చుకుని క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. కోస్తా జిల్లాల ఉక్కలో బూజు కూడా పట్టవచ్చు. క్యాసెట్టు కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట మీద తెల్లని మచ్చలు కనబడితే దాన్ని వి.సి.ఆర్.లో పెట్టకూడదు, పెడితే బూజు యంత్రానికీ, యంత్రం నుంచి తరవాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. శుభ్రపరచగల నిపుణులకు ఇవ్వాలి. టేపు కన్నా ముందు యంత్రాలు అంతరించడం ఇంకొక ప్రమాదం. వి.సి.ఆర్.లు తయారుచేస్తున్న ఆఖరి సంస్థ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. మిగిలిన యంత్రాలూ, వాటిని బాగుచేయగల మనుషులూ తగ్గిపోతున్నందున ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే అయస్కాంత టేపులకు 2025ను గడువుగా పేర్కొని హెచ్చరించింది. ఆ గడువు దాటిపోయినా పని అసాధ్యం కాలేదు. మంచి స్థితిలో ఉన్న పాల్ యంత్రాన్ని అమెరికాలో వెతకడం మాత్రం కష్టమవుతోంది. ఆ కారణంగా పాల్ టేపులను ఇండియాలోనే, ఎన్.టి.ఎస్.సి. టేపులను అమెరికాలోనే మార్పించడం మేలు. అసలు క్యాసెట్లను విమానాలెక్కించే అవసరం తప్పుతుంది, మార్చిన ఫైళ్లు మాత్రమే ప్రయాణం చేస్తాయి.

మార్పిడిలో ముఖ్యమైన పరికరం టైమ్ బేస్ కరెక్టర్. సాగిపోయిన టేపు నుంచి గీతలు ఒక క్షణం ముందూ వెనకగా వస్తాయి కనుక బొమ్మ అంచులు అలల్లా ఊగుతాయి. ఆ గీతలను తాత్కాలికంగా నిల్వచేసి సరైన సమయానికి వరసగా విడుదల చేయడం దీని పని. చౌకగా చేసేవారు దీన్ని వాడరు, కాబట్టి దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న, మార్పిడి ఏ పద్ధతిలో చేస్తారన్నది. పాల్ టేపును పాల్ కొలతలతోనే, సెకనుకు 25 బొమ్మలతోనే ఫైలుగా భద్రపరచి, ఆ తరవాత అమెరికాలో చూడడానికి దాని నుంచి వేరే డిస్కు చేసుకోవాలి తప్ప, మొదటి అడుగులోనే కన్వర్షన్ చేయించకూడదు. లేకపోతే పాతికేళ్ల కిందటి నష్టమే మళ్లీ జరుగుతుంది.

ఏ యంత్రంలోనైనా ఆడే డిస్కు అన్న మాటకు కొన్ని షరతులున్నాయి. సినిమా డి.వి.డి.ల మీద ఉండే ప్రాంతీయ సంకేతం, అమెరికాకు 1, ఇండియాకు 5 అనేది, ఇంట్లో తయారుచేసిన డిస్కులకు ఉండనక్కరలేదు. కాని పాల్, ఎన్.టి.ఎస్.సి. భేదం డి.వి.డి.లోనూ కొనసాగుతుంది, ఇండియాలో అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండింటినీ చూపుతాయి, అమెరికాలో అమ్మినవి తరచు పాల్ డిస్కును నిరాకరిస్తాయి. రెండు దేశాల బంధువులకూ పంచే డిస్కు ఎన్.టి.ఎస్.సి.లో ఉండడం క్షేమమన్నది ఇందువల్లనే. రికార్డరులో చేసిన డిస్కును ఫైనలైజ్ చేయాలి, అంటే ఇక రాయడం ముగిసిందన్న విషయసూచికను డిస్కు మీద నమోదు చేయాలి. అది మరిస్తే వేరే ప్లేయరు దాన్ని ఖాళీ డిస్కుగా భావిస్తుంది. 4.7 గిగాబైట్ల డిస్కులో మంచి నాణ్యతతో గంట, ఓ మోస్తరుగా రెండు గంటలు పడతాయి. మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే తలంబ్రాల జల్లు చదరపు మచ్చలుగా మారిపోతుంది. ఇంట్లో రాసిన డిస్కులో సమాచారం ఉండేది లేజరు కిరణం మార్చిన రంగు పొరలో కాబట్టి ఎండా వేడీ దాన్ని చెరుపుతాయి. పైగా కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే అరే లేదు. పెద్దవారి చేతిలో పెట్టడానికి డిస్కు అనువైనదే, దాచుకోవడానికి మాత్రం ఫైలు రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల మీద, వీలైతే రెండు దేశాల్లో ఉండాలి.

డి.వి.డి.కి ఉన్న ఒక సదుపాయం ఈ కుటుంబాలకు ప్రత్యేకంగా పనికొస్తుంది, అయినా చాలామంది దాన్ని వాడుకోలేదు. ఒకే దృశ్యానికి ఎనిమిది దాకా శబ్దమార్గాలు జతచేయవచ్చు. విదేశీ సినిమాలకు వేరే భాషల సంభాషణలు పెట్టేది వీటిలోనే, నేటి వీడియో ఫైళ్లలో కూడా ఇది సాధ్యమే. మొదటి మార్గంలో అసలు శబ్దాన్ని అట్లాగే ఉంచి, రెండో మార్గంలో, పెళ్లి పందిట్లో కూర్చున్నవారిని ఒక్కొక్కరినే గుర్తుపట్టి ఈమె మీ తాతకు పినతల్లి కూతురు, ఆయన మాకు కౌలుకు పొలమిచ్చిన కామందు అని చెప్పగల పెద్దదిక్కు చేత దృశ్యం నడుస్తుండగానే మాట్లాడించి రికార్డు చేయాలి. ఆమె హైదరాబాదులోనో తెనాలిలోనో ఉంటారు, ఫైలు డల్లాస్‌లో ఉంటుంది. వీడియో కాల్‌లో తెరను పంచుకుంటే ఒక మధ్యాహ్నంలో గంట టేపు పూర్తవుతుంది. వరస తప్పు చెప్పి వెంటనే దిద్దుకున్నా, మధ్యలో ఆగి ఎవరి గురించైనా రెండు మాటలు ఎక్కువ చెప్పినా కోసివేయవలసిన పని లేదు. పూర్తయిన తరవాత ఆ మార్గానికి రికార్డు చేసిన తేదీ, మాట్లాడినవారి పేరు జతచేసి రెండు హార్డ్ డిస్కుల మీదా నకలు వేసి, అసలు క్యాసెట్లను మొదటికి చుట్టి, నిలువుగా, వేడికీ తేమకూ దూరంగా తిరిగి పెట్టాలి, వాటిని పారవేయకూడదు.